లేస్తే తప్పు

చక్రాలక్కను చేతులమీద ఎత్తుకుని మెట్లెక్కించిన మగాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఆవిడ తిట్టిన తిట్లకు ఇద్దరికీ ఇప్పటికీ ఎక్కిళ్ళు వస్తూ ఉండాలి.

ఆవిడ కుట్టుపనిది. చిన్నతనంలోనే కాళ్ళు చచ్చుబడ్డాయి గానీ, ఆ బలమంతా చేతుల్లోకీ నోట్లోకీ పోయింది. చేత్తో తిప్పే మిషను మీద పాతికేళ్ళుగా వీధి మొత్తానికీ బట్టలు కుడుతోంది. ఆటల క్లబ్బు నిక్కర్లు కుట్టేదీ ఆవిడే. చక్రాల కుర్చీలో తిరుగుతుంది కనుక చక్రాలక్క. ఆ పేరు మొహం మీద పిలిస్తే పలుకుతుంది, చాటుగా అంటే ఊరుకోదు.

ఓ ఏడాది ఆ క్లబ్బులో తానూ సభ్యురాలిగా చేరింది. సభకు రమ్మన్నారు. వెళితే గుమ్మం ముందు అయిదు మెట్లు. "దానికేముంది అక్కా" అంటూ ఇద్దరు వస్తాదులు ఆవిడను బస్తాలా లేపి, లోపల నోటీసు బోర్డు కింద దించారు. కుర్చీ బయటే ఉండిపోయింది. సభ ముగిసింది, కాఫీలు అయ్యాయి, అందరూ ఇళ్ళకు పోయారు. కాపలావాడు తలుపులు మూయబోతుంటే మూలనుంచి కేక: "ఒరేయ్, నేనింకా బీరువాను కాలేదురా!" పాపం, వాడి చేతిలోని తాళం జారి కాలి మీద పడింది.

ఇక ఆ గుమ్మం దాటితే సొంత చక్రాల మీదే దాటాలని ఆవిడ ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

మర్నాడు క్లబ్బు సెక్రటరీ కొట్టుకు వెళ్ళింది. ఆయన అమ్మేది సిమెంటు.

"తమ్ముడూ, మెట్ల పక్కన ర్యాంపు కట్టించు."

"ఒక్క మనిషి కోసం అంత పనా అక్కా? మావాళ్ళు ఎత్తుతారుగా."

"ఎత్తుతారు. దించాక మర్చిపోతారు."

"అయినా లోపల ఆడేది వాలీబాలు. నువ్వొచ్చి ఏం చేస్తావు, చప్పట్లు కొడతావా?"

ఆ మాట సూదిలా దిగింది. సూది దిగినచోటే దారం లాగడం ఆవిడ వృత్తి.

"మాకూ ఒక జట్టుంది. కూర్చుని ఆడే వాలీబాలు. మాతో ఆడండి. మేం గెలిస్తే ర్యాంపు కట్టించు. ఓడితే ఆ మాట మళ్ళీ నా నోట రాదు."

ఆవిడ నోట ఒక్క మాటైనా తగ్గుతుందంటే సెక్రటరీ దేనికైనా సిద్ధమే. "సరే. అంపైరుగా మాత్రం మా బావమరిది ఉంటాడు" అన్నాడు.

"ఉండనీ నాయనా. ఖాళీగా ఉన్న మనిషి, ఆయనకూ ఓ పని దొరుకుతుంది."

ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి నేర్పిన ఆట అది. వల నడుమెత్తున ఉంటుంది. అందరూ నేలమీద కూర్చుని చేతులతో జరుగుతూ ఆడాలి. బంతి కొట్టేటప్పుడు పిర్రలు నేలను వదలకూడదు. లేస్తే తప్పు, పాయింటు అవతలివాళ్ళకు. ఒంటికాలి లారీ డ్రైవరుతో సహా ఆరుగురు ఆర్నెల్లుగా ఆవిడ కుట్టుకొట్టు వెనక షెడ్డులో ఆడుతున్నారు. సెక్రటరీ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

రెండు జట్లకూ తెల్ల నిక్కర్లు కుట్టి, ఒక్కోదానికీ వెనకాల అరచేతంత ఎర్ర మాసిక వేసింది.

"ఇదేంటక్కా?" అన్నాడు సెక్రటరీ.

"నేల గరుకు కదా, జరిగితే చిరుగుతాయని దళసరి గుడ్డ వేశాను. ఎరుపే దొరికింది."

"ఎంత ముందుచూపు అక్కా నీది!"

ఆవిడ తల వంచుకుని దారం కొరికింది.

ఆదివారం పొద్దున క్లబ్బు ఆవరణలో ఆట. వీధి వీధంతా గోడలెక్కింది. క్లబ్బువాళ్ళు పుట్టినప్పటినుంచీ ఎగిరి కొట్టినవాళ్ళాయె, బంతి కనబడితే ఒళ్ళు ఆగదు. మొదటిసారి లేచినప్పుడు అంపైరు బావమరిది కాకుల్ని లెక్కపెడుతున్నాడు. కానీ తెలుపు మీద ఎరుపు దాగుతుందా? అందరికంటే ముందు అరిచింది సెక్రటరీ పెళ్ళామే.

"ఏవండీ! ఎర్రది కనిపిస్తోంది!"

ఇంకేముంది, లేచినప్పుడల్లా గోడలన్నీ "ఎర్రది! ఎర్రది!" అని అరిచాయి. బావమరిదికి ఈల వేయక తప్పలేదు.

అయినా క్లబ్బువాళ్ళవి కండలు. ఇరవైనాలుగు, ఇరవైనాలుగు దాకా లాక్కొచ్చారు. తర్వాతి పాయింటు డ్రైవరు కొట్టాడు. ఇంకొక్కటి వస్తే గెలుపు. బంతి చక్రాలక్క దగ్గరకు వచ్చింది. గట్టిగా కొడితే ఆపేస్తారు. ఎదురుగా, వలకు అవతల క్లబ్బు జట్టులో సెక్రటరీ. ఆయన చొక్కాలు కుట్టేది ఆవిడే, చెయ్యి పొడవు అంగుళాలతో సహా తెలుసు. ఆ చేతికి సరిగ్గా రెండంగుళాలు పైనుంచి పోయేలా బంతిని మెల్లగా పంపింది.

సెక్రటరీ లేచాడు.

"ఎర్రదీ!"

ర్యాంపు వారంలో తయారైంది. చూస్తే జారుడుబండ. నిట్టనిలువుగా ఉంది. చక్రాలక్క కుర్చీలోంచి అరుగు మీదకు జరిగి కూర్చుంది.

"ముందు నువ్వెక్కు తమ్ముడూ."

సెక్రటరీ కుర్చీలో కూర్చుని చక్రాలు తోశాడు. సగం ఎక్కి, వెనక్కి జారి ఇసక కుప్పలో పడ్డాడు. రెండోసారీ అంతే. ఆ వస్తాదులిద్దరూ పరుగెత్తుకొచ్చారు.

"ఎత్తమంటారా సార్?"

"ముట్టుకోకండి!" అని అరిచాడు సెక్రటరీ, చెవుల దాకా ఎర్రబడి.

 

ర్యాంపు పగలగొట్టి, పొడుగ్గా, ఏటవాలుగా మళ్ళీ కట్టారు. ఆవిడ ఒక్కతే ఎక్కి గుమ్మం దాటింది. నున్నని చెక్క నేల మీదకు దిగి, రెండు చేతులతో జరిగి చూసింది. ఇక్కడ మాసికలు అక్కర్లేదు అనుకుంది.

మర్నాడే కూర్చుని ఆడటం నేర్పమని సెక్రటరీ వచ్చాడు.

"రా తమ్ముడూ. ఆ ఎర్ర మాసిక నిక్కరే వేసుకో. నీకింకా కావాలి."