మెలితిరిగిన వలిసె చేను

అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీలో స్టాఫ్ రూమ్‌లో ఉన్నాను. చేను మెలితిరిగిపోయిందంది. ఎండిందనో పురుగు పట్టిందనో అంటే మరో రకంగా ఉండేది. కాండాలు వంకర్లు పోయి నేలకు వాలిపోయాయని, ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయని ఆమె చెబుతుంటే నాకు లోపల ఎక్కడో తెలిసిపోయింది. నేను బోటనీ చెబుతాను. ఆ లక్షణాలు ప్రతి ఏడూ బోర్డు మీద రాస్తాను.

సెలవు రోజున జీపు పట్టుకుని మా ఊరు వెళ్ళాను. మాది అరకు లోయకు పైన కొండవాలు మీద చిన్న చేను. పై భాగంలో నూనెగింజల కోసం వలిసెలు, కింద చోళ్ళు, అదే రాగులు, గట్టు వెంబడి చిక్కుడు పాదులు. మరో పదిహేను రోజుల్లో పసుపు పూలతో నిండాల్సిన వలిసె చేను, ఎవరో చేత్తో పట్టి పిండినట్టు ఉంది. ఒక మొక్క పీకి చూశాను. కాండం ఉబ్బి నిలువునా చీలిపోయింది. చిక్కుడు తీగలదీ అదే గతి. పక్కనే చోళ్ళు మాత్రం ఏమీ జరగనట్టు వెన్నులు వంచుకుని నిలబడి ఉన్నాయి.

నాకంటే ముందు వ్యవసాయ శాఖ నుంచి ఒకాయన వచ్చి వెళ్ళాడట. చేలోకి దిగలేదు. రోడ్డు మీద నుంచే ఫోన్‌లో ఫొటో తీసి, ఇది వైరస్, పీకి కాల్చేయమన్నాడట.

అంతకన్నా పెద్ద సంగతి అమ్మ చాలాసేపు చెప్పలేదు. మా ఊళ్ళో చిక్కుడు కొత్త అని పండగ చేసి, అమ్మవారికి పెట్టాకే ఎవరైనా కొత్త చిక్కుడు నోట పెట్టేది. అమ్మ పండగకు ముందే కాయ తినేసిందని, అందుకే చేను అలా అయిందని ఎవరో అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెకు దూరంగా జరిగి నిలబడుతున్నారట. ఇదంతా తల ఎత్తకుండా చెప్పింది. ముప్పయ్యేళ్ళుగా ఆ ఊరి పండగలకు వంట చేసిన మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ చేలోనే కూర్చుని ఆమెకు చెప్పాను. మొక్కకు నోరు లేదు, నరాలు లేవు. అయినా ఎటు వంగాలో, ఎంత సాగాలో దానికి తెలుస్తుంది. చిగురులో ఆక్సిన్ అనే హార్మోన్ పుట్టి, ఆ కబురు కిందకు మోస్తుంది. కణం లోపల జన్యువుల మీద కొన్ని ప్రోటీన్లు కాపలా కూర్చుని వాటిని పని చేయనివ్వవు. ఆక్సిన్ వచ్చి తనకోసం ఉన్న గ్రాహకంలో కూర్చోగానే, కణం ఆ కాపలా ప్రోటీన్లను పట్టి ముక్కలు చేసేస్తుంది. అప్పుడు జన్యువులు పనిలో దిగుతాయి, కణం పెరుగుతుంది. పని అయ్యాక మొక్క తన ఆక్సిన్‌ను తానే విరిచేసుకుంటుంది. కాపలా మళ్ళీ వస్తుంది. కొన్ని కలుపు మందుల్లో ఉన్నది ఆ ఆక్సిన్‌కు నకలు. కణం దాన్ని సొంతదే అనుకుంటుంది, కానీ విరవలేకపోతుంది. పెరుగు, పెరుగు అన్న కబురు ఆగదు. కాండం తనను తాను చీల్చుకునేదాకా పెరుగుతుంది. చోళ్ళు గడ్డిజాతి, వాటి మీద ఈ నకలు పెద్దగా పనిచేయదు కాబట్టి తట్టుకున్నాయి.

అమ్మ చీలిన కాండాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే మొక్క తప్పేటి నేదు. సెప్పినమాట యిన్నాది."

"నీ తప్పూ లేదమ్మా."

మందు ఎక్కడిదో వెతకాల్సిన పని లేకపోయింది. మా చేనుకు పైనున్న వాలును మైదానం నుంచి వచ్చిన ఒకాయన తీసుకున్నాడు. లంబసింగిలో చోటు దొరకని టూరిస్టులంతా చలికాలం ఇటు వస్తున్నారని అక్కడ గుడారాలు వేస్తున్నాడు. పొదలు, కలుపు చావడానికి మందు కొట్టించాడు. కొట్టింది మా చిన్నాన్నే. అడిగితే దాచలేదు. ఆ రోజు గాలి కిందకి తోలిందని, ఆపుదామంటే గుడారాల మేనేజరు బేగి కానిమ్మన్నాడని చెప్పాడు. ఊళ్ళో మాట లేచాక కూడా, కూలిపని పోతుందని నోరు విప్పలేదు.

నేను పైకి వెళ్ళాను. మేనేజరు మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. అది వరి పొలాల్లో అందరూ కొట్టే మందేనని, మా చేనుకు ఏదో తెగులు వచ్చి ఉంటుందని చెప్పాడు. చోళ్ళను ముట్టుకోని తెగులు వలిసెలకీ చిక్కుడుకీ ఒకేసారి ఎలా వచ్చిందని అడిగాను. ఆయన నవ్వుతూ అన్నాడు.

"మీ ఊరోళ్ళే అంటున్నారు కదా మేడమ్, ఎవరో పండగకి ముందే చిక్కుడు తిన్నారని. మీ నమ్మకాల్ని మేం గౌరవిస్తాం."

ఆ నవ్వు చూసి కుర్చీలోంచి లేచాను. మా అమ్మవారిని అడ్డం పెట్టుకుని మా అమ్మ మీదకే నెట్టేస్తున్నాడు. పాఠాలు చెప్పే గొంతు నాకు ఆ క్షణాన అక్కరకు రాలేదు. ఆ వాలు మీద నిలబడి, మా ఇంటి భాషలో, నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టి దిగొచ్చాను.

ఆ సాయంత్రం ఊరి పెద్దను అడిగి అందరినీ కూర్చోబెట్టాను. చీలిన కాండాలు, నిండుగా ఉన్న చోళ్ళ వెన్నులు పక్కపక్కన పెట్టాను. ఆక్సిన్ మాట ఎత్తలేదు. పైన మందు, కింద చేను, మధ్యలో గాలి, అంతే చెప్పాను. చివరికి చిన్నాన్న లేచాడు.

"మందు కొట్టింది నానే. మా వదిన ఏటీ సెయ్యనేదు."

ఊరి పెద్ద అమ్మ వైపు తిరిగి, "తప్పుమాట అనీసినాం, ఏటనుకోకు సెల్లీ" అన్నాడు. అమ్మ బదులు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదనిపించింది నాకు. అంత తేలిగ్గా పోయే మాటా అది?

మర్నాడు పొద్దున్న ఆడవాళ్ళు కత్తులు, కొడవళ్ళు పట్టుకుని పైకి వెళ్ళారు. కుళాయి దగ్గర దూరం జరిగినవాళ్ళే ముందు నడిచారు. పొదలూ కలుపూ మేం కోసిపెడతాం, మందు డబ్బా మాత్రం ఈ కొండెక్కదని చెప్పి అక్కడే కూర్చున్నారు. మేనేజరు ఎవరెవరికో ఫోన్లు చేసి, మధ్యాహ్నానికి ఒప్పుకున్నాడు. డబ్బాలు జీపులో కిందకు దిగిపోయాయి. చేనుకు మాత్రం ఎవరూ జవాబుదారీ కాలేదు. నేను సంచీలో మొక్కలు పట్టుకెళ్ళి ఆఫీసులో చూపిస్తే, వైరస్ అని పై అధికారులకు రాసి పంపేశానని, ఇప్పుడు మార్చడం కుదరదని అన్నాడు ఆ వ్యవసాయాధికారి. మొక్కలు ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను.

చలి మొదలయ్యాక కార్లు బారులు తీరాయి. అమ్మా నేనూ కళ్ళంలో చోళ్ళు కొడుతుంటే ఒక కారు ఆగింది. అద్దం దించి ఒకావిడ, ఇక్కడ పసుపు పూల తోటలుంటాయన్నారే, ఎక్కడండీ, ఫొటోలు దిగాలి అంది.

"పైన గుడారాల దగ్గర అడగండి. వాళ్ళే చంపారు."

ఆవిడ నా మొహం చూసి అద్దం ఎక్కించుకుంది. వచ్చినోళ్ళ మీద కేకలెందుకని అమ్మ మందలించింది. నేనింకా కేకలు మొదలుపెట్టలేదని చెప్పి, మళ్ళీ కర్ర ఎత్తాను.