దీపాలు కనబడ్డాయా?

మా పెదనాన్నకు ఉన్న జబ్బు ఒక్కటే. గుమ్మం దాకా వచ్చినవాణ్ణి తిన్నగా లోపలికి రానివ్వడు.

ఆయన విమానాశ్రయంలో రన్‌వే దీపాలు చూసుకునే మెకానిక్. పొగమంచులో పైలట్ పరికరాలను నమ్ముకుని కిందికి వస్తాడు, ఒక ఎత్తు దాకా. అక్కడికొచ్చాక దీపాలు కనబడితే దిగాలి. లేకపోతే పైకి లేచి, చుట్టు తిరిగి మళ్ళీ రావాలి. ఈ నియమం విమానాలకే పరిమితమని పెదనాన్నకు ఎవరూ చెప్పలేదు. సందు మలుపు నుంచి మా గుమ్మం దాకా వరసగా దీపాలు పెట్టాడు. గడప దగ్గర పచ్చవి.

"దీపాలు కనబడ్డాయా?"

"పట్టపగలు దీపాలేమిటండీ?" అన్నాడు గ్యాస్ బండ తెచ్చినతను.

"కనబడలేదన్నమాట. ఓ చుట్టు తిరిగి రా."

"బండ భుజం మీదుందండీ."

"ఇంధనం నిండుగానే ఉంది. తిరగొచ్చు."

అత్తగారితో పోట్లాడి అక్క పుట్టింటికొస్తే, వెనకాలే ఆవిడా వచ్చింది. పెట్టెతో సహా సందు చివరికి నడిచి మళ్ళీ వచ్చింది.

"మీ బావగారిని ఎవరికైనా చూపించండి వదినగారూ," అంది అమ్మతో.

నేను ఉద్యోగం వదిలేసిన రోజు నాన్న, "మళ్ళీ ఈ గడప తొక్కకు," అన్నాడు. చలికాలం ఒక పొద్దున తిరిగొచ్చాను. సంచిలో లోకాన్ని మార్చే పుస్తకాలున్నాయి, కడుపులో ఏమీ లేదు. నాన్న తలుపేస్తే పోవడానికి వేరే చోటూ లేదు. పొగమంచులో దీపాలన్నీ దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. గుమ్మంలో పెదనాన్న.

"దీపాలు కనబడ్డాయా?"

"కనబడ్డాయి."

"నాకు నమ్మకం లేదు. చుట్టు తిరిగి రా."

"నాకు ఒళ్ళు మండుతోంది పెదనాన్నా."

"మంచిదే, చలిగా ఉంది. నడువు."

తిట్టుకుంటూ మలుపు దాకా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కిటికీలోంచి మాటలు.

"వాణ్ణి రానిస్తే నా మాటకు విలువేముంది అన్నయ్యా?"

"రావద్దన్నావు. వచ్చాడు, వెనక్కి పంపించాను. నీ మాట చెల్లింది. ఇప్పుడొచ్చేది రెండోసారి. దాని గురించి నువ్వేమీ అనలేదు కదరా."

ఈసారి గుమ్మంలోకి నాన్న వచ్చాడు. ఎటో చూస్తూ అడిగాడు.

"దీపాలు కనబడ్డాయా?"

"కనబడ్డాయి."

"తగలడు లోపలికి."

అక్కను అడిగితే అప్పుడు చెప్పింది. అత్తగారు సందు చుట్టి వచ్చేలోపు తను ఏడుపాపి, మొహం కడుక్కుని, టీ పెట్టిందట.

గ్యాస్ బండ అతన్ని ఎందుకు తిప్పాడో మాత్రం ఇప్పటికీ తేలలేదు.