ఐసు దిమ్మలో శవం పట్టదు

రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఊళ్ల మధ్య ఫోన్లు కలిపే ట్రంక్ ఆపరేటరుగా పనిచేస్తున్న రోజుల్లో నేను ఒక వారపత్రికకి సస్పెన్స్ సీరియల్స్ రాసేదాన్ని. పొద్దున్న డ్యూటీ అయితే మధ్యాహ్నం, మధ్యాహ్నం డ్యూటీ అయితే పొద్దున్న రాసుకునేదాన్ని. తొంభైల్లో వీధికో ఎస్టీడీ బూత్ వచ్చి మా బోర్డుల మీద పని తగ్గిపోయాక, డ్యూటీలో కూర్చునే తర్వాతి వారం ఎవరిని చంపాలో ఆలోచించుకునే తీరిక దొరికింది. అలా రాసిన నాలుగో సీరియల్‌ని సినిమా తీస్తానంటూ భీమవరం నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చారు.

ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. సినిమా వాళ్లతో అంతకుముందు పరిచయం లేదు. వాళ్లావిడ నా సీరియల్ చదివి ప్రతివారం భోజనాల దగ్గర ఆయనకి కథ చెప్పేవారట. ఆ కథలో హంతకుడు శవాన్ని ఐసు దిమ్మలో పెట్టి గడ్డకట్టించి, రొయ్యల లారీలో వేసి విశాఖపట్నం పంపించేస్తాడు. ఆ మనిషి ఎప్పుడు చనిపోయిందీ డాక్టర్లు తేల్చలేకపోతారు. హంతకుడేమో ఆ రోజంతా వేరే ఊళ్లో పెళ్లిలో ఉన్నట్టు వందమంది సాక్ష్యం చెబుతారు. ఆ నవలకి ప్రాణమంతా అక్కడే ఉంది.

"ఫ్యాక్టరీ మనదేనండి. లారీలూ మనవేనండి. ఇంక సెట్టింగులెందుకండి?" అన్నారాయన, మా ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని. "స్క్రీన్‌ప్లే కూడా మీరే రాయాలండి. వేరేవాళ్ల చేతిలో పెడితే కథ పాడుచేసేస్తారండి."

స్క్రీన్‌ప్లే రాయడం నాకు తెలియదన్నాను. డైరెక్టరు దగ్గరుండి రాయిస్తారన్నారు. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నా కథల్లో తేదీలు, రైలు టైములు సరిచూసేవారు తప్ప మిగతా వాటి జోలికి వచ్చేవారు కాదు. "సెలవులు మురిగిపోతున్నాయి కదా, వెళ్లిరా" అన్నారు. నెల్లాళ్లు సెలవు పెట్టి, సోమవారం వెళ్లి శనివారం తిరిగొచ్చేలా మాట్లాడుకున్నాను. ప్రొడ్యూసరు గారింట్లోనే ఉండేదాన్ని. వాళ్లావిడ నాకోసం విడిగా శాకాహారం వండించేవారు.

డైరెక్టరు మద్రాసులో పన్నెండేళ్లు అసిస్టెంటుగా చేసిన మనిషి. ఇదే ఆయనకి మొదటి సినిమా. ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు మీద ఒక గది ఇచ్చారు మాకు. కింద కంప్రెసర్ తిరుగుతుంటే పైన బల్ల సన్నగా వణుకుతూ ఉండేది. మొదటిరోజు ఆయన నా నవల తీసి నా ముందు పెట్టారు. అక్కడక్కడ ఎర్ర పెన్సిల్‌తో గీతలున్నాయి.

"తెర మీద చూపించడానికి పనికొచ్చే చోటల్లా గీత పెట్టానండి," అన్నారు.

లెక్కపెట్టాను. నవల మొత్తంలో పదకొండు చోట్ల ఉన్నాయి.

"మిగతాదంతా మాటలే మేడం. ఇన్‌స్పెక్టరు మాట్లాడతాడు, హంతకుడు మాట్లాడతాడు, పనిమనిషి కూడా పేజీన్నర మాట్లాడుతుంది. మాట్లాడేటప్పుడు వీళ్లు ఏం చేస్తున్నారు? ఎక్కడ నిలబడ్డారు?"

చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని పదహారేళ్లు పనిచేశాను. హలో అన్న తీరుని బట్టి అవతలివాళ్లు చావు కబురు చెప్పడానికి చేశారో, పెళ్లి కబురుకి చేశారో చెప్పగలను. కానీ వాళ్లు ఎలా ఉంటారో, ఏ గదిలో నిలబడి మాట్లాడుతున్నారో నాకెప్పుడూ అక్కర్లేకపోయింది. నా నవలలు కూడా అలాగే తయారయ్యాయని ఆ రోజు దాకా తెలియదు.

మొదటివారమంతా మాటలు కొట్టేస్తూ గడిపాం. రెండోవారం శవాన్ని ఐసులో పెట్టే సీను దగ్గరికి వచ్చాం. "ఇది మాత్రం చూసి రాద్దాం," అన్నారు డైరెక్టరు. ఇద్దరం కిందికి దిగాం.

ఫ్యాక్టరీ ఆపరేటరుకి యాభై దాటి ఉంటాయి. ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాలు. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి నేల మీద పరిచిన చెక్క మూత ఒకటి ఎత్తి చూపించారు. కింద ఉప్పునీటి తొట్టె. అందులో వరసగా రేకు డబ్బాలు మునిగి ఉన్నాయి. ఒక్కో డబ్బాలో ఒక్కో దిమ్మ తయారవుతుందట. డబ్బా నా నడుము ఎత్తుంది, వెడల్పు మాత్రం మూర కూడా లేదు.

నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. పైన వారం రోజులు కూర్చున్నా ఐసు తయారయ్యే చోటు చూడడం నాకదే మొదటిసారి.

"ఇందులో మనిషి..." అని ఆగిపోయాను.

"పట్టడండి," అన్నారాయన మర్యాదగా. "చిన్నపిల్లాడు కూడా పట్టడండి. ఇంకోటండి, రొయ్యల లారీకి దిమ్మలెక్కించరండి. క్రషర్‌లో వేసి పొడి చేసి పోసేత్తామండి."

డైరెక్టరు నవ్వు ఆపుకున్నారు. "మీరు నవల చదివారా?" అని నేను అడిగాను.

"ఆయ్, చదివానండి. మొత్తం చదివానండి. చాలా బావుందండి." చెక్క మూత మళ్లీ దించుతూ, "ఈ దిమ్మ సంగతి అప్పట్లోనే కార్డు రాశానండి, పత్రికకి. మీదాకా వచ్చిందో లేదో," అన్నారు.

రాలేదన్నాను. నిజానికి వచ్చింది. వారం వారం పత్రికవాళ్లు పంపే ఉత్తరాల కట్టలో ఆ కార్డు చదివిన గుర్తుంది. అప్పటికే కథ నాలుగు వారాలు ముందుకెళ్లిపోయింది. ఇప్పుడేం చేస్తాంలే అని పక్కన పడేశాను. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

నవలకి ప్రాణం పోయింది కాబట్టి హత్య కొత్తగా కట్టాల్సి వచ్చింది. ఐసు ఫ్యాక్టరీలో మనిషి చనిపోయే అవకాశం దేనివల్ల ఉంటుందని ఆపరేటరుగారినే పైకి పిలిచి అడిగాం. ఆయన కుర్చీలో కూర్చోకుండా గుమ్మం పక్కన గోడకి ఆనుకుని చెప్పారు.

"అమోనియా అండి, ఐసు కట్టించే గ్యాసండి. ఇంకేం లేదండి."

అంతకుముందు ఆయన వేరే ఊళ్లో ఒక ఫ్యాక్టరీలో చేసేవారట. ఏ ఊరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయనకి పని నేర్పిన పెద్ద ఆపరేటరు ఒకరుండేవారు. ఒకరోజు పొద్దున్న పైపు పగిలి గ్యాసు వచ్చేసింది. పక్క షెడ్డులో ఆడవాళ్లు రొయ్యలు ఒలుస్తున్నారు.

"నేను బయటికొచ్చేశానండి. ఆయనా వచ్చేశారండి. వచ్చాక, ఆడవాళ్లున్నారురా అన్నారండి. తువ్వాలు తడిపి మొహానికి కట్టుకుని మళ్లీ లోపలికెళ్లారండి, వాల్వు కట్టేద్దామని. కట్టేశారండి. ఆడవాళ్లందరూ బయటపడ్డారండి. ఆయన రాలేదండి."

ఆయన గొంతులో ఎత్తుపల్లాలేమీ లేవు. నేను రాసుకున్నాను.

మూడురోజుల్లో కొత్త హత్య తయారైంది. హంతకుడు ఒక పైపు బోల్టు వదులు చేసి పెళ్లికి వెళ్లిపోతాడు. అతను ఊళ్లో లేనప్పుడు గ్యాసు లీకై ఆపరేటరు చనిపోతాడు. అందరూ ప్రమాదమే అనుకుంటారు. చనిపోయే సీను మాత్రం నేను బాగా భయపెట్టేలా రాశాను. ఆపరేటరు కేకలు వేస్తూ అటూ ఇటూ పరిగెత్తుతాడు, తాళం వేసిన తలుపు బాదుతాడు, అక్కడే పడిపోతాడు. తలుపులు, వాల్వులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని ఆపరేటరుగారికి చదివి వినిపించాను.

"బానే ఉందండి," అన్నారు. మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "ఒక్క మాటండి. ఆయన పరిగెత్తలేదండి."

"ఇది ఆయన కథ కాదండి. కల్పించి రాసింది," అన్నాను.

"అవుననుకోండి. కానీ చూసినోళ్లు, అమోనియాకి పోయినోడంటే ఇలాగే పోయుంటాడు అనుకుంటారు కదండి."

అని కిందికి వెళ్లిపోయారు. డైరెక్టరు, "అలా అందరి మాటా వింటే సినిమా తీయలేం మేడం," అన్నారు. నేనూ అవునన్నాను. శనివారం రైల్లో కూర్చున్నాక కాగితాలు తీసి మళ్లీ చదివాను. ఆ సీనులో అరుస్తున్న మనిషి నాకు కనిపించలేదు. అరుపులు వినిపించాయి, అంతే. మళ్లీ చెవితోనే రాశానని అర్థమైంది. నిడదవోలు వచ్చేలోపు కొట్టేసి వేరేగా రాయడం మొదలుపెట్టాను. ఆపరేటరు బయటికి వస్తాడు. పక్క షెడ్డు వైపు చూస్తాడు. తువ్వాలు తడుపుకుని లోపలికి నడుస్తాడు. వాల్వు తిప్పుతాడు. ఒక్క మాట కూడా లేదు.

అలా రాశాక ఇంకో సంగతి దానంతటదే దొరికింది. హంతకుడికి ఆ మనిషి ఎలాంటివాడో ముందే తెలుసు. ఆడవాళ్లు ఉండగా అతను బయట నిలబడడని తెలిసే, వాళ్లు పనిలో ఉన్న టైముకి లీకయ్యేలా చేశాడు. సోమవారం ఇది చెబితే డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇదండీ కథ!" అన్నారు. నాకూ చాలా సంతోషం వేసింది. ఎవరిదో చావు నా కథకి కొలిచినట్టు సరిపోయిందని సంతోషించాను కదా అని చాలా ఏళ్ల తర్వాత అనిపించింది. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం రెండు గరిటెల పప్పు ఎక్కువే తిన్నాను.

నెలాఖరుకి ప్రొడ్యూసరు దంపతులకి కథ మొత్తం వినిపించాం. అయ్యాక ఆవిడే ముందు మాట్లాడారు.

"ఐసు దిమ్మ ఏదండి?"

పట్టదని చెప్పాను. కొలతలు చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. నెలల తరబడి చుట్టుపక్కల అందరికీ ఆవిడ చెప్పుకున్నది ఆ దిమ్మ గురించే.

ప్రొడ్యూసరు గారి బాధ వేరు. "మా ఫ్యాక్టరీలో గ్యాసు లీకయ్యిందని నేనే సినిమా తీసి చూపించుకోవాలాండి? రేపు పనోళ్లు వస్తారాండి?" అన్నారు.

మూతపడ్డ రైసుమిల్లు ఒకటి ఉందని, గ్యాసు సీను అక్కడ తీసి వేరే బోర్డు పెడదామని డైరెక్టరు ఒప్పించారు. అప్పుడు ఆవిడ, "పోనీ శవం పట్టకపోతే ఇంకేదన్నా వస్తువు పెట్టండి దిమ్మలో," అన్నారు. బోల్టు వదులు చేసిన పానా అయితే ఎలా ఉంటుందని నేనన్నాను. హంతకుడు దాన్ని కంగారులో నీళ్ల డబ్బాలో పడేస్తాడు, అది గడ్డకట్టి దిమ్మలో దొరుకుతుంది. ఆపరేటరుగారిని పిలిపించి అడిగాం.

"పానా పడుతుందండి," అన్నారాయన. "కాకపోతే దిమ్మ మధ్యలో తెల్లగా ఉంటాదండి, ఏం కనపడదు. గాలి గొట్టం పెట్టి నీళ్లు కదుపుతా ఉంటే గాజులా వత్తాదండి."

షూటింగుకి ఆయనే అలాంటి దిమ్మలు ఆరు తయారు చేసిచ్చారు. నేను వెళ్లలేదు, సెలవు అయిపోయింది.

సినిమా వచ్చాక మూడోరోజు భీమవరంలో మాట్నీకి వెళ్లాం. నేను, మావారు, ప్రొడ్యూసరు గారి ఆవిడ, ఆపరేటరుగారు ఒకే వరసలో కూర్చున్నాం. నేను కొట్టేసిన మాటలు చాలావరకు డబ్బింగులో తిరిగి వచ్చేశాయి. గ్యాసు సీను ఒక నిమిషం కూడా లేదు. అందులో మాత్రం మాటలు పెట్టలేదు. హాల్లో ఎవరో దగ్గడం కూడా వినిపించింది. దిమ్మలో పానా కనిపించినప్పుడు ఈలలు వేశారు. ప్రొడ్యూసరు గారి ఆవిడ నా చెయ్యి పట్టుకుని నొక్కారు.

బయటికొచ్చాక ఎలా ఉందని ఆపరేటరుగారిని అడిగాను.

"వాల్వు ఎడంపక్కకి తిప్పాడండి ఆ కుర్రాడు. అలా తిప్పితే ఇంకా తెరుచుకుంటాదండి. కుడిపక్కకి తిప్పాలండి."

నేను స్క్రిప్టులో 'వాల్వు తిప్పుతాడు' అని మాత్రమే రాశాను. ఎటు అని రాయలేదు. ఆ మాటే చెప్పాను.

"ఎవరికీ తెలీదులెండి," అన్నారాయన. "నడిచే వెళ్లాడు కదండి." తర్వాత సైకిలు తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయారు.

సినిమా భీమవరంలో మూడు వారాలు ఆడింది, రాజమండ్రిలో ఒకటి. మిగతాచోట్ల ఇంకా ముందే తీసేశారు. ప్రొడ్యూసరు గారు మళ్లీ సినిమా జోలికి పోలేదు, నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. డైరెక్టరుకి ఇంకో సినిమా వచ్చిందని పేపర్లో చూశాను. నన్ను పిలవలేదు. మా ట్రంక్ బోర్డులు ఎత్తేశాక నన్ను కంప్లైంట్ల సెక్షన్‌కి మార్చారు.

తర్వాత సీరియల్ కడియం నర్సరీల్లో జరిగేలా అనుకున్నాను. ఈసారి రాయడం మొదలుపెట్టకముందే బస్సెక్కి వెళ్లాను. ఒక నర్సరీలో కూలీల చేత లారీకి మొక్కలెక్కిస్తున్న మేస్త్రీని కలిసి, మీ లారీలో మొక్కల మధ్య ఒక మనిషి ఎవరికీ కనపడకుండా దాక్కుని నాగపూర్ దాకా వెళ్లగలడా అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, లారీ వైపు ఒకసారి చూశారు.

"కూర్చునాండీ, పడుకునాండీ?" అన్నారు.