కాలమ్మ తిప్పే కొలిమి బ్లోయర్

2022లో, వరికోతలకు నెల ముందు. సిరుగుప్ప బస్టాండు వెనకాల ఉన్న నా రిపేరు షెడ్డుకు కమ్మరి మౌనేశాచారి, ఆయన భార్య కాలమ్మ ఒక బరువైన గోనెసంచి చెరో వైపు పట్టుకొని వచ్చారు. పంపుసెట్లు, రైస్ మిల్లు గేర్లు బాగుచేసి బతికేవాడిని నేను. సంచిలోంచి తీసింది చూస్తే చేతితో తిప్పే పాతకాలపు కొలిమి బ్లోయర్. పిడి ఒక చుట్టు తిప్పితే లోపలి గేర్లు ఫ్యానును ఎన్నో చుట్లు తిప్పుతాయి, ఆ గాలి గొట్టంలోంచి బొగ్గుల కిందికి పోతుంది. ఇప్పుడా పిడి వెంట్రుకవాసి కూడా కదలడం లేదు.

ఆచారికి కొన్నేళ్లుగా చూపు మందగించింది. సుత్తి దెబ్బకు గురి తప్పదు గానీ, కాలిన ఇనుము రంగు ఆయనకు తెలియదు. బ్లోయర్ తిప్పుతూ ఆ రంగు చూసి చెప్పేది కాలమ్మే. ఈ సంగతి ఆయనే చెప్పాడు, నేను విని వదిలేశాను.

"కరెంటు బ్లోయర్ తెచ్చి చూసినామప్పా. దానికి గాలి తగ్గించేది ఉండదు. కొడవలి అంచు పల్చగుంటాది కదా, ఈమె చెప్పేలోపలే కాలిపోతాండాది. కోతలకు కొడవళ్లు ఇయ్యలేదంటే ఊరంతా అంగట్లో కొనుక్కుంటారు. ఇంక కొలిమి ఆర్పేసేదే," అన్నాడు ఆచారి.

కోత మిషన్లు వచ్చినా, గాలివానకు పడిపోయిన పైరుకూ గట్ల మీది గడ్డికీ కొడవలి కావాల్సిందే. వారంలో ఇస్తానని ధైర్యంగా చెప్పాను గానీ లోపల గుబులే. దాని ఒళ్లంతా బీడు, అంటే పోత ఇనుము. గట్టిగా ఒక దెబ్బ పడితే పగులుతుంది, పగిలితే మారు సామాను ఎక్కడా దొరకదు.

రెండు రోజులు కిరోసిన్ తొట్టిలో నానబెట్టాను. పైన పసుపు, కుంకుమ, విభూది పొరలు పొరలుగా పేరుకొని ఉన్నాయి. ఏటా ఆయుధపూజకు మిషన్ నెత్తిన బొట్టు పెట్టడం మా వైపు అందరికీ అలవాటే, నా లేత్ మిషన్‌కు నేనూ పెడతాను. ఆ పొరలు గీకితే కింద నూనె పోసే రంధ్రం బయటపడింది. ఎన్నేళ్ల కింద మూసుకుపోయిందో ఏమో. మూసుకోకముందు లోపలికి పోయింది కూడా దీపాల్లో మిగిలిన ఆముదం. అది గేర్ల మధ్య ముదురుపాకంలా గట్టిపడి కూర్చుంది.

మూత విప్పి కడుగుతుంటే పళ్లెంలో టక్కున ఒక ముక్క పడింది. గేరు పన్ను విరిగిందనుకున్నాను. అలాంటి గేరు కోసే మిషన్ నా దగ్గర లేదు. ముక్కను బ్రష్‌తో రుద్దితే అది ఆముదంలో ఎండిపోయిన అక్షింతల గడ్డ. గేరు పళ్లు రెండుసార్లు లెక్కపెట్టాను, అన్నీ ఉన్నాయి. అప్పుడు గానీ టీ తాగబుద్ధి కాలేదు.

నా షెడ్డులోంచి నూనె కారే మిషన్ బయటికి పోకూడదని నాకొక గర్వం. గేర్ బాక్స్ నిండా గ్రీజు దట్టించి, ఇరుసు రెండు వైపులా ఉన్ని వాషర్లు కోసి బిగించాను. వారానికి దంపతులు వచ్చారు. చేసిన పనంతా ఆచారికే పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన పిడి తిప్పి బాగుందన్నాడు. కాలమ్మ మాత్రం కొలిమి దగ్గర కూర్చున్నట్టే నేల మీద కూర్చొని పది చుట్లు తిప్పి ఆపేసింది.

"బరువుండాది ఈరన్నా," అంది నాతో.

కొత్త గ్రీజు, వాడితే అదే సర్దుకుంటుందన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"దినమంతా తిప్పేది నేనప్పా. మెల్లగ తిప్పాల్సినప్పుడు ఇది నిలిచిపోతాది. మా అత్త కాలంలో దీంట్లోంచి నూనె బొట్టు బొట్టుగా కారతా ఉన్నింది. అది కారాల."

నాకు కోపం వచ్చిన మాట నిజం. అయినా విప్పాను. తీరా చూస్తే, ఇరుసు పట్టే బుష్‌లలో నూనె బయటికి పోవడానికే సన్నటి గాడి కోసి ఉంది. చేసినవాడు నూనె నిలవాలని అనుకోనే లేదు. గ్రీజంతా కడిగేసి, వాషర్లు తీసేసి, పల్చటి మిషన్ ఆయిల్ పోశాను. కాలమ్మ ఒక వేలితో తోస్తే పిడి తిరిగింది. నూనె చుక్క నేల మీద పడింది. ఆమె నవ్వింది.

మరుసటి రోజు మనసాగక వాళ్ల ఊరికి బస్సెక్కాను. కాలమ్మ ఒకసారి వడిగా, ఒకసారి ఆగీ ఆగనట్టు తిప్పుతూ, మంటలోంచి కళ్లు తీయకుండా "ఇంక తియ్" అంది. ఆచారి తీసి సాగగొట్టి, మళ్లీ కాల్చి ఆమె చెప్పగానే నీళ్లలో ముంచాడు. అంచు మీద ఆకురాయి పెట్టి లాగితే పట్టు దొరక్క జారిపోయింది. ఇనుము గట్టిపడి పదును కుదిరిందన్నమాట. ఆచారి ఆ కొడవలిని పక్కన పెట్టి రెండోదానికి ఇనుము అందుకున్నాడు.

అప్పటినుంచి ఏ మిషన్ వచ్చినా, దాన్ని రోజూ నడిపేవాళ్లెవరో కనుక్కొని వాళ్లతో మాట్లాడాకే స్పానర్ పడుతున్నాను. మొదటి రోజు ఆచారిని నేను నానా ప్రశ్నలూ అడిగాను. కాలమ్మ నా ఎదురుగానే నిలబడి ఉంది. ఆమెను ఒక్కటీ అడగలేదు.