యాకూబ్ అన్న డబ్బాలో సగం రొట్టె

నిన్న పొద్దున మా అమ్మాయి స్వప్న ఫోన్ చేసి ఏడ్చింది. దాని పిల్లలకేమైందోనని భయపడ్డాను.

"అమ్మా, యాకూబ్ చాచా పోయిండే."

ఆస్పత్రిలో ఈ వారమే డిశ్చార్జ్ చేస్తామన్నారు కదా. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నా రాతలు కొత్తగా చదివేవాళ్లకు ఆయనెవరో తెలియదు, చెప్తాను. ఎనభైల చివర్లో గోదావరిఖనిలో మేం కంపెనీ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ఆయన మా పక్కింటి మనిషి. బాయిలో పని. బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం. నాకు ఆయన అన్న, ఆయన భార్య ఫాతిమా వదిన.

స్వప్నకు అప్పుడు ఏడాది నిండలేదు.

ఆ చలికాలం నేను కుదురుగా కూర్చున్న గుర్తే లేదు. పిల్ల తినదు. మెత్తగా పిసికి అన్నం పెడితే నాలుకతో బయటికి తోసేది. ఉగ్గు పెడితే మూతి బిగించేది. గుడ్డు చూపిస్తే ముఖం తిప్పేది.

బయట బొగ్గుల పొయ్యిల పొగ, లోపల దాని దగ్గు. అత్తమ్మ రోజూ దిష్టి తీసేది. ఆ మిరపకాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ నోరు తెరిచి తుమ్మేవాళ్లం, అది తప్ప.

దవాఖానలో డాక్టరమ్మ బరువు చూసి, "ఇంక తగ్గితే అడ్మిట్ చెయ్యాలె. దగ్గు ఛాతీలకు దిగితే ఈ పిల్ల తట్టుకోదు" అంది.

ఆ మాట తర్వాత దానికి స్వెటర్ విప్పి స్నానం చేయించాలన్నా భయమే. పక్కటెముకలు కనిపించేవి.

మా క్వార్టర్ల లైన్‌లో ఒక అలవాటు ఉండేది. డ్యూటీ దిగి వచ్చేవాళ్ల టిఫిన్ డబ్బా కోసం పిల్లలు అరుగుల మీద కాచుకుని కూర్చునేవారు. ఇంట్లో వేడివేడిగా ఉన్నది వద్దు. బాయిలోంచి మిగిలి వచ్చిన చల్లటి ముద్దే కావాలి. మావారిది వర్క్‌షాప్‌లో పని, మధ్యాహ్నం ఇంటికొచ్చే తినేవారు. మా ఇంటికి డబ్బా వచ్చేది కాదు.

ఒకరోజు అన్న సైకిల్ స్టాండ్ వేసి డబ్బా తెరిచారు. పప్పులో నాని మెత్తబడ్డ జొన్నరొట్టె, సగం ఉంది. నా చంకలోంచి పిల్ల చెయ్యి చాపింది. ఆయన చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టారు.

తినేసింది.

ఇంకో ముక్క కోసం ఆయన చొక్కా పట్టుకుంది.

సంతోషమే. కానీ కుళ్లు కూడా. కన్నతల్లిని, పొద్దున్నుంచి గిన్నె పట్టుకుని బతిమాలుతున్నాను మరి.

ఇక అదే దాని భోజనం. ఆయన షిఫ్టు మారిన వారం దాని అన్నం టైమూ మారేది. నాకు కొత్త ఫికర్ పట్టుకుంది. అన్నకు జ్వరమొస్తే? సెలవు పెడితే?

ఒక సాయంత్రం ఫస్ట్ షిఫ్టు వాళ్లెవరూ ఇళ్లకు రాలేదు. కరెంటు పోయి, మనుషుల్ని పైకి తెచ్చే మెషిన్ ఆగిందన్నారు. కాసేపటికి ఎవరో, కాదు, లోపల పైకప్పు కూలిందన్నారు. ఫాతిమా వదిన చెప్పులు కూడా లేకుండా గేటు దగ్గరికి పరిగెత్తింది.

నేను పిల్లను ఎత్తుకుని రోడ్డు చూస్తూ నిలబడ్డాను. అది పొద్దున్నుంచి ఏమీ ముట్టలేదు. అన్న రావాలని మొక్కుతున్నానో, డబ్బా రావాలని మొక్కుతున్నానో నాకే తెలియలేదు.

చీకటి పడుతుంటే ఇద్దరూ వచ్చారు. కరెంటు పోవడమే, ఇంకేం కాలేదు. ఆయన మొహం కూడా కడుక్కోకుండా మా గుమ్మంలోకే వచ్చి డబ్బా తెరిచారు. సగం రొట్టె అలాగే ఉంది.

నాకు కోపమొచ్చింది. "అంతసేపు కింద ఆకలితోని ఉండి, గిదెందుకు మిగిలిచ్చినవ్ అన్నా?"

"మరి ఈ పొల్ల ఏం తినాలె?"

వదిన ఏడుస్తూనే నవ్వింది. "మిగులుడు ఎక్కడిది వదినె? నేను ఆయనకు సరిపోయేటంతే పెడుత. గిన్ని దినాలు సగం కడుపుతోనే పని చేసిండు."

అప్పటిదాకా మేమంతా అది నిజంగా మిగిలిందే అనుకున్నాం.

మర్నాటి నుంచి ఆ డబ్బాలో ఒక రొట్టె నేను పెట్టేదాన్ని. నవ్వకండి. పొద్దున నా చేత్తో ఇస్తే ఉమ్మేసిన రొట్టెనే, బాయిలోకి దిగి పైకొచ్చాక లొట్టలేసుకుని తినేది. ఎండలు ముదిరేసరికి దాని బుగ్గలు నిండాయి. ఏం పెడుతున్నావని డాక్టరమ్మ అడిగితే ఏం చెప్పను?

పోయిన నెల, ఆస్పత్రిలో ఆయన అన్నం ముట్టడం లేదని వదిన ఫోన్ చేసింది. స్వప్న మంచిర్యాల నుంచి పప్పులో నానబెట్టిన జొన్నరొట్టె డబ్బాలో పెట్టుకుని వెళ్లింది. తుంచి నోట్లో పెడితే తిన్నారట.

సగం అయ్యాక ఆపేశారట. తనే డబ్బాకు మూత పెట్టి, దాని చేతిలో పెట్టారట.

"ఇగ నువ్వు తిను బిడ్డా."

పోయిరా అన్నా. అల్లా నిన్ను సల్లగ చూడాలె. ఈడ నీ పొల్ల కడుపునిండ తింటున్నది. ఆడ రొట్టె మొత్తం నువ్వే తిను.