విత్తనం ఒలిచిన ఎండాకాలం

పదో తరగతి ఫలితాలు చూసుకోవడానికి కళ్యాణదుర్గం నెట్ సెంటరుకు పోయాను. కంబదూరు పక్క మా పల్లెలో అప్పటికి కంప్యూటర్ ముఖం చూసినవాడు లేడు. చెక్కలతో కట్టిన చిన్న గదిలో తలుపు వేసుకుని కూర్చుని నంబరు కొట్టాను. పాస్. ఆ పేజీ మూయగానే వెనక ఇంకొకటి తెరిచి ఉంది, నాకంటే ముందు కూర్చున్నవాడు వదిలిపోయింది. చూడకూడని బొమ్మలు చూశాను. వెంటనే లేచి రావాల్సింది, రాలేదు. ఆ వారంలోనే మార్కుల జాబితా అని అబద్ధం చెప్పి మరో రెండుసార్లు పోయాను.

మొదటిరోజు నా ముఖం చూసి అమ్మ ఫెయిలనుకుంది.

"పాసైనానమ్మా" అంటే, "పాసైనోని మొగం ఇట్లుంటాదా?" అని కూలబడింది.

సాయంత్రానికి సగం ఊరు పరామర్శకు వచ్చింది. మర్నాడు పేపర్లో నంబరు కనబడేదాకా ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఫెయిలై ఉంటే బాగుండునని ఆ రోజు నిజంగానే అనుకున్నాను. ఫెయిలైతే ఎవరికైనా చెప్పుకోవచ్చు.

అసలు బాధ మా వదినతో. అన్నను చేసుకుని వచ్చినప్పటి నుంచి నన్ను ఆటపట్టించకుండా ఆమె అన్నం వడ్డించింది లేదు. ఇప్పుడు నా కళ్లు చూస్తే ఆమెకు అంతా తెలిసిపోతుందని భయం. ఆమె వస్తే నేను లేచిపోయేవాణ్ని.

"ఏమప్పా, మరిదికి మీసం వచ్చి మాట పోయినట్లుండాదే" అంది ఒకరోజు. నేను నవ్వలేదు. ఆ తర్వాత ఆమె ఆటపట్టించడం మానేసింది. అదే నన్ను తినేసింది.

వానలకు ముందు నాయన విత్తనానికి దాచిన చెనక్కాయల మూట ఇంటిముందు పంచలో కుమ్మరించి, ఒలవడానికి నన్ను పిలిచాడు.

"ఊళ్లో ఒలిచే మిషన్ ఉండాది కదా నాయనా" అన్నాను.

"మిషన్లో గింజ పగులుతాది. పగిలింది మొలవదు. కూర్చో."

కాయలు ఒలిచేటప్పుడు ఎవరూ ఎవరి ముఖం చూడరు. చూపంతా చేతుల మీదే. మూడోరోజు, బొటనవేలి గోరు మంట పుడుతుంటే, నా నోట్లోంచి అంతా బయటపడింది. నాయన చేతులు ఆగలేదు.

"చిన్నోళ్లు పోయేచోట అట్లాంటివి తెరిచి పెట్టినోళ్లది తప్పు. మళ్లా పోయింది నీ తప్పు. ఇంగ పోవద్దు" అన్నాడు. "నిజం మనుషులు ఆ బొమ్మల్లో మాదిరి ఉండరప్పా. పో, మీ వదిన అన్నం పెట్టుకోని చూస్తాంది."

పోయి తిన్నాను. తల ఎత్తడానికి ఇంకో నెల పట్టింది. నాయన ఆ నెట్ సెంటరుకు పోయి, గదుల తలుపులు పీకేయమని గొడవ పెట్టుకున్నాడని చాలా ఏళ్లకు అన్న చెప్పాడు. ఆయన మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నాయన చనిపోయాడు. ఆ పంచ కోసం, ఎదురుగా కదిలే ఆయన చేతుల కోసం ప్రాణం కొట్టుకుంటుంది. ఇప్పుడైతే మరీ. నెల రోజులుగా మావాడు ఫోన్ బోర్లించి పెడుతున్నాడు, వాళ్లమ్మ పిలిస్తే తల ఎత్తడం లేదు. అడిగితే ఏం లేదంటాడు. నిన్న ఒక మూట కాయలు తెచ్చి హాల్లో కుమ్మరించాను.

"మిషన్ ఉండాది కదా నాయనా?" అన్నాడు.

"మిషన్లో గింజ పగులుతాది. కూర్చో."

కూర్చున్నాడు. వాడి ముఖం చూడాలని ఎంత అనిపించినా, నేను కాయ మీది నుంచి చూపు తిప్పలేదు.