వెనక్కి పారిన వాగు

నా కాన్వాసు సంచిని ఎండలో వేసినప్పుడల్లా, అడుగున అంటుకుని ఎండిన బురదలోంచి ఉప్పు, కుళ్ళిన ఆకు, పచ్చిచేప కలిసిన వాసన లేస్తుంది. తీరంలో సర్వే పని చేసే నాకు అది రోజూ ఉండే వాసనే. అయినా అది తగలగానే మొదట గుర్తొచ్చేది నాయనమ్మ.

మాది గురజాల దగ్గర పల్లె. నాన్న మిషను బడిలో పంతులు. నాపరాళ్ళు, మిరపచేలు, వానకు పొంగి రెండురోజుల్లో ఇంకిపోయే వాగులు, ఇవే మేమెరిగిన లోకం. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నాయనమ్మకు రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. ఒకరోజు రొట్టె తడుతూ నాన్నతో అంది: “ఒరేయ్, చూపు పోయేలోపు నాకు సముద్రం చూపియ్యి. అరవై ఏళ్ళుగా దాని ఉప్పు తింటన్నా, ఒక్కసారన్నా మొకం చూడకపోతే ఎట్టా?”

దసరా సెలవుల్లో ముగ్గురం బయల్దేరాం. రేపల్లె దాకా రైలు, అక్కణ్ణుంచి నిజాంపట్నం దాకా ఎద్దుబండి, రాత్రి అక్కడే పడుకుని తెల్లవారుజామునే కాలినడక. సజ్జరొట్టెలు ఎనిమిది, వేరుశెనగ కారం, రెండు సీసాల నీళ్ళు, నాయనమ్మ బైబిలు ఉన్న సంచి నా భుజాన ఉంది. ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్ల అడవి అది. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేర్లు, ఒక్క ఎర్రటి డెక్క ఎత్తి బెదిరించే పీతలు, కాళ్ళు లేకపోయినా గంతులేసే చేపలు. పేర్లు తెలియక అన్నిటికీ నేనే పేర్లు పెట్టాను.

దారికి అడ్డంగా మోకాలిలోతు వాగు. నాన్న మా ఊరి అలవాటున పడమటి ఆకాశం వంక చూశాడు. మాకు వరద కొండల మీద మబ్బునుబట్టే వస్తుంది. “పడమర తేటగా ఉంది. వాగు రాదు, పదండి” అన్నాడు. దాటేశాం.

తీరం చేరేసరికి పొద్దు సరిగ్గా ఎదురుగా ఉంది. నాయనమ్మ చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఏం కనపడతంది నాయనమ్మా?”

“తెల్లగా... ఆరేసిన పంచెలాగా. చప్పుడు మాత్రం చానా బాగుందిరా.”

నాన్న తల తిప్పుకున్నాడు. సాయంత్రం రైలు అందుకోవాలని పదకొండింటికే వెనుదిరిగాం. తీరా వస్తే వాగు నాన్న రొమ్ముదాకా ఉంది. నీళ్ళు సముద్రం వైపునుంచి లోపలికి, పైకి పారుతున్నాయి.

“ఏందిరా ఇది! ఆకాశంలో చుక్క మబ్బు లేదు, వాగు ఎనక్కి పారతంది!” అంది నాయనమ్మ, మేం చెప్పింది విని.

అవతలి ఒడ్డున గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్న ఒకామె పకపకా నవ్వింది. “ఏ ఊరోళ్ళు మామ్మా?”

“పల్నాడు.”

“అదీ సంగతి! రాళ్ళసీమోళ్ళకి పోటు ఏం తెలుస్తది? మబ్బు కాదు అన్నా, సముద్రాన్ని చూసి దాటాల. పొద్దుగూకే ఏళకి తీస్తది, కూకోండి.”

రైలు పోయినట్టే. నాన్న ముఖం మాడిపోయింది. చేసేది లేక మళ్ళీ తీరానికే నడిచాం. ఒక సీసా ఖాళీ అయింది. రెండోదాన్ని గుక్కెడు చొప్పున పంచుకున్నాం.

నాలుగు దాటాక పొద్దు మా వెనక్కి తిరిగింది. నీళ్ళమీది మెరుపు పోయి సముద్రం ముదురునీలంగా తేలింది. ఇసుకలో కూర్చున్న నాయనమ్మ ఉన్నట్టుండి నా భుజం పట్టుకుంది.

“అబ్బాయ్, ఆ తెల్లగీత వచ్చి వచ్చి పడిపోతందే, అదేనా అల?”

“అదే.”

“ఆ దూరాన నల్లంగా?”

“పడవ.”

తరువాత ఆమె అలలు లెక్కపెట్టింది. నలభై దాకా నేనూ వెంట లెక్కపెట్టాను. లేచేటప్పుడు చిటికెడు తడి ఇసుక నాలుక మీద వేసుకుని, “పొద్దున నాకు కనపడలేదని ప్రభువే వాగుకి గడియ పెట్టాడురా” అంది. నాన్న ఆ రోజు మొదటిసారి నవ్వాడు. పొద్దుగూకే వేళకు మోకాలిలోతు నీళ్ళలో ఆమెను చేయి పట్టి దాటించాడు.

మరుసటి వేసవికి ఆమె చూపు పూర్తిగా పోయింది. రెండేళ్ళకు ఆమే పోయింది. పోయిన నెల పనిమీద ఆ దారినే వెళ్ళాను. వంటచెరకు కోసం అడవిని కొట్టేశారు. మడచెట్లు వాగు గట్టున పలచగా మిగిలాయి. వలామె గుడిసె లేదు.

ఇప్పుడు నా బల్లమీద ఆటుపోట్ల పట్టిక ఉంది. ఏ రోజు ఏ గంటకు నీరు ఎంత లేస్తుందో, ఎంత తీస్తుందో అచ్చులో ఉంటుంది. ఆ పుస్తకం ఆనాడు నాన్న చేతిలో ఉంటే మేం రైలు అందుకునేవాళ్ళం. నాయనమ్మ ఆరేసిన పంచెను మాత్రమే చూసి ఇంటికొచ్చేది.